బస్తర్‌లో నెట్ వేగం ఎగుడుదిగుడు: లోపం లైన్‌లోనా, నెట్‌వర్క్ కార్డులోనా?

ఫైబర్ లైన్ ఊరికి చేరినంత మాత్రాన కంప్యూటర్‌కు పూర్తి వేగం అందుతుందని చెప్పలేం. ఒకే లైన్‌పై ఒక కంప్యూటర్ చురుగ్గా, పక్కది మందకొడిగా పనిచేయడం, డౌన్‌లోడ్ బాగుండి అప్‌లోడ్ కుంటుపడటం వంటి లక్షణాలకు చౌక నెట్‌వర్క్ కార్డు కూడా కారణం కావచ్చు.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణపూర్, దంతెవాడ, సుక్మా, బీజాపూర్ జిల్లాలున్నాయి. బస్తర్ ఇంటర్నెట్ పథకం తొలి దశను ప్రధాని నరేంద్ర మోదీ 2018 ఏప్రిల్ 14న బీజాపూర్ జిల్లా జాంగ్లాలో జాతికి అంకితం చేశారు. తెలుగు వినిపించే కోంటా, భోపాలపట్నం వంటి సరిహద్దు పట్టణాలకు మరమ్మతు నిపుణులు దూరం నుంచి రావాలి. లోపం ఎక్కడుందో ముందే తేల్చుకుంటే పంచాయతీ కార్యాలయాలకు, సేవా కేంద్రాలకు రోజుల తరబడి నిరీక్షణ, అనవసరపు ఖర్చు తప్పుతాయి.

చౌక కార్డుతో చిక్కేమిటి?

మేలైన కార్డులు డేటా ప్యాకెట్ల పనిలో కొంత భాగాన్ని తామే చేసుకుంటాయి. చౌక కార్డులు ఆ భారాన్ని ప్రాసెసర్‌పై వేస్తాయి. ఒకప్పుడు విస్తృతంగా వాడిన రియల్‌టెక్ ఆర్‌టీఎల్8139 చిప్ ఇందుకు ఉదాహరణ. అది స్వీకరించిన ప్రతి ప్యాకెట్‌నూ ప్రాసెసర్ మెమరీలో మరోచోటికి నకలు చేయాల్సి వచ్చేది. పాత కంప్యూటర్లలో ప్రాసెసర్ వేరే పనిలో ఉన్నప్పుడు వేగం పడిపోవడానికి ఇలాంటి రూపకల్పనే కారణం. యూఎస్‌బీ 2.0 అడాప్టర్‌పై గిగాబిట్ అని రాసి ఉన్నా, ఆ పోర్టు గరిష్ఠ పరిమితి 480 ఎంబీపీఎస్ మాత్రమే.

పరీక్షించే క్రమం

1. లింక్ వేగం చూడాలి. నెట్‌వర్క్ సెట్టింగుల్లో 1,000 ఎంబీపీఎస్‌కు బదులు 100 కనిపిస్తే ముందుగా కేబుల్ మార్చాలి. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ సరిగా ఉండాలి. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు. అందువల్ల ఒక తీగ తెగినా లింక్ ఆగిపోకుండా వేగం మాత్రమే తగ్గవచ్చు. రాగి కేబుల్ పొడవు 100 మీటర్లు మించరాదు.

2. ఇంటర్నెట్‌ను పక్కనపెట్టి, రెండు కంప్యూటర్ల మధ్య ఐపెర్ఫ్3 అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో రెండు దిశల్లోనూ వేగం కొలవాలి. ఫైలు కాపీ చేసి చూస్తే హార్డ్ డిస్క్ మందగమనం కూడా ఫలితంలో కలిసిపోతుంది. 100 ఎంబీపీఎస్ లింక్‌పై సుమారు 94, గిగాబిట్‌పై సుమారు 940 ఎంబీపీఎస్ వస్తే ఆ లింక్ సరిగానే పనిచేస్తున్నట్లు. ఒక దిశలో బాగుండి మరో దిశలో బాగా తగ్గితే లోపం లోపలి నెట్‌వర్క్‌లోనే ఉన్నట్లు భావించాలి.

3. డ్యూప్లెక్స్ అమరిక చూడాలి. ఒకవైపు ‘ఫుల్ డ్యూప్లెక్స్’ అని స్థిరంగా పెట్టి, రెండోవైపు ‘ఆటో’లో వదిలితే రెండోది హాఫ్ డ్యూప్లెక్స్‌కు మారుతుంది. అప్పుడు ప్యాకెట్లు ఢీకొని, తక్కువ రద్దీలో బాగున్న లింక్ రద్దీ పెరగగానే కుప్పకూలుతుంది. రెండువైపులా ‘ఆటో’ ఉంచడమే మేలు.

4. పరీక్ష సాగుతుండగా ప్రాసెసర్ వినియోగాన్ని గమనించాలి. అది నూరు శాతానికి చేరువైతే కార్డు, డ్రైవర్ లేదా ప్రాసెసర్ సామర్థ్యమే అడ్డంకి కావచ్చు. తయారీదారు ఇచ్చిన తాజా డ్రైవర్ వేసి, విద్యుత్ పొదుపు అమరికలను ఆపి మళ్లీ కొలవాలి.

5. చివరగా స్విచ్ పోర్టు, ఆపై కార్డు మార్చాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చి, ప్రతిసారీ ఫలితం రాసుకోవాలి. రెండు మూడు కలిపి మారిస్తే అసలు కారణం తెలియదు.

కార్డు మార్చగానే వేగం నిలకడగా ఉంటే లోపం పాత కార్డుదే. లోపలి నెట్‌వర్క్ రెండు దిశల్లోనూ సరిగా ఉండి, ఇంటర్నెట్ మాత్రమే మందగిస్తే సేవాసంస్థకు ఫిర్యాదు చేయాలి. అంతకుముందు ప్లాన్‌లోనే అప్‌లోడ్ పరిమితి తక్కువగా ఉందేమో సరిచూసుకోవాలి. కొలతలను సమయంతో సహా జతచేస్తే సిబ్బంది నేరుగా లైన్ తనిఖీ మొదలుపెట్టవచ్చు. కారణం తేలకముందే ఖరీదైన ప్లాన్ తీసుకుంటే, లోపం కార్డులో ఉన్నంతకాలం ఆ అదనపు వేగం కంప్యూటర్‌కు చేరదు.