లోలోపలి మంట – ఎల్లాప్రగడవారి మందు



మొన్న నా పాత శిష్యుడొకడు మా అనకాపల్లి ఇంటికి వచ్చినాడు. అప్పటి ఐదో నంబరు, నేటి పదహారో నంబరు జాతీయ రహదారి మీద లారీ నడిపి బతికినవాడు. చాలా యేళ్ళుగా హెచ్‌ఐవి మందులు క్రమం తప్పక వాడుతున్నాడు. రక్తపరీక్షలో వైరస్ జాడ చిక్కటం లేదు. అయినా 2021లో, నలభై ఆరో యేట, గుండెపోటు వచ్చినది. “మాస్టారూ, బీడీ ముట్టనివాణ్ణి, నాకెందుకొచ్చిందండీ?” అన్నాడు. నేను తెలుగు పండితుణ్ణే గాని వైద్యుణ్ణి కాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను విడువలేదు.

మన దేశంలో ఈ వైరస్‌ను 1986లో మద్రాసులో గుర్తించారు. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం మందులు ఉచితంగా ఇవ్వటం మొదలుపెట్టినది. (ఆ మందులకు కావలసిన ముడిసరుకు ఇప్పుడు మా జిల్లాలోని పరవాడలోనే తయారై దేశదేశాలకు వెళుతున్నది!) చావు వెనుకంజ వేసిన తరువాత గాని రెండో ముప్పు కంటబడలేదు.

గుండెజబ్బులకు మందులే కారణమని తొలుత చాలామంది అనుమానించారు. మందులు నడుమ నడుమ ఆపి చూస్తే మేలేమోనని 5,472 మందితో స్మార్ట్ అనే పరిశోధన జరిగినది. 2006లో ఫలితం తారుమారైనది: ఆపినవారిలోనే మరణాలూ గుండెజబ్బులూ ఎక్కువ. అదే యేడు మరో గుట్టు తెలిసినది. ఈ వైరస్ తొలినాళ్ళలోనే పేగుల గోడలోని రక్షకకణాలను నాశనం చేస్తుంది. గోడ బలహీనపడి, పేగులలోనే ఉండవలసిన సూక్ష్మజీవుల శకలాలు రక్తంలోకి జారుతవి. వాటిని చూచి మేల్కొనేది పుట్టుకతో వచ్చిన వ్యాధినిరోధకశక్తి. అది నేర్చి పోరాడే సేన కాదు, ఎదురైనదానిమీద తక్షణం విరుచుకుపడే కావలిసేన. అందులోని మోనోసైట్లనే కణాలు రక్తనాళాల లోపలిపొరకు అంటుకొని, లోనికి దూరి, కొవ్వు మింగి, పూడికకు పునాది వేస్తవి. రక్తం గడ్డకట్టే గుణమూ పెరుగుతుంది. మందులు శత్రువును అణచగలవు గాని ఈ కావలివారిని పూర్తిగా శాంతింపజేయలేవు.

మన వైద్యగ్రంథాలలో దీనికి ‘శోథ’ అని పేరు. వాపు అని అర్థం. ఇక్కడ వాపూ కానరాదు, నొప్పీ తెలియదు గనుక ‘మంట’ అనటమే నాకు సబబుగా తోచినది.

ఈ మంటను ఆర్పటానికి ప్రయోగించిన మందులలో ఒకటి మెథోట్రెక్సేట్. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వాన, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1940వ దశకంలో రూపొందినది. దాని పుట్టుకే ఒక వైఫల్యంలో ఉన్నది. ఫోలిక్ ఆమ్లపు రూపాలను రక్తక్యాన్సరు పిల్లలకు ఇస్తే జబ్బు ముదిరినట్లు సిడ్నీ ఫార్బర్ గమనించాడు. అయితే దానికి విరోధిని తయారుచేద్దామన్నారు. 1948లో అటువంటి విరోధి ఒకటి పిల్లలకు తాత్కాలికంగానైనా ఊపిరి పోసినది. ఆ యేడే సుబ్బారావుగారు కన్నుమూశారు. తరువాత మెథోట్రెక్సేట్ చిన్న మోతాదులో కీళ్ళవాతానికి పెట్టని కోట అయినది.

కీళ్ళ మంటను ఆర్పేది నాళాల మంటను ఆర్పదా? హెచ్‌ఐవి ఉన్న 176 మందికి, కొందరికి ఈ మందు, కొందరికి ఉత్తుత్తి మాత్ర, 24 వారాలు ఇచ్చి చూశారు. 2019లో వెలువడిన ఫలితం: రక్తనాళాల పనితీరు మెరుగుపడలేదు, రక్తంలోని మంట గుర్తులూ తగ్గలేదు. హెచ్‌ఐవితో సంబంధం లేని 4,786 మంది హృద్రోగుల మీద జరిగిన మరో పరీక్షా 2018లో అలాగే ముగిసినది. సుబ్బారావుగారిని తలచినప్పుడల్లా మన పత్రికలు జయజయధ్వానాలే చేస్తవి. ఈ ముచ్చట ఎవరూ వ్రాయరు. వ్రాస్తే ఆయనకు చిన్నతనమేమీ లేదు.

మేలు మరో దిక్కునుండి వచ్చినది. మన దేశంతో సహా పలు దేశాలలో, గుండెజబ్బు ఇంకా రాని 7,769 మంది హెచ్‌ఐవి బాధితుల మీద పిటావాస్టాటిన్ అనే కొలెస్టరాల్ మాత్రను పరీక్షించారు. గుండెపోటు, పక్షవాతం వంటి ఉపద్రవాలు 35 శాతం తగ్గినవని 2023లో తేలినది.

శిష్యుడికి ఇదంతా చెప్పినాను. స్టెంటు వేసిన నాటినుండి తానూ ఒక స్టాటిన్ మాత్రే మింగుతున్నానని జేబులోంచి తీసి చూపినాడు. వాడికి పోటు వచ్చినది 2021లో. ఫలితం వచ్చినది 2023లో. వేళ్ళమీద లెక్కపెట్టుకొని, “మా ఇంటిదానికి కూడా ఉందండీ మాస్టారూ, దానికింకా గుండెనొప్పి రాలేదు. ఈ మాత్ర గురించి డాక్టరుగారిని అడగనా?” అన్నాడు. ‘పిటావాస్టాటిన్’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో కాగితం మీద వ్రాసి ఇచ్చినాను.