కంటి క్రింది క్రొవ్వు: తీసివేసిన దాని చరిత్ర

కనురెప్పల శస్త్రచికిత్స జరిగిన చాలా ఏళ్ళకు కళ్ళ క్రింద గుంతలు పడి, చర్మము సన్నగా ముడతలు తేలడము గురించి వ్రాయమని నన్ను అడిగినది మా చెల్లెలు. అడిగే హక్కు ఆమెకు ఉన్నది. 1997లో, ఆమెకు నలభై మూడేళ్ళ వయస్సులో, కళ్ళ క్రింద సంచులవలె ఉబ్బి ఉండేది. బడిలో పిల్లల తల్లులు "రాత్రి ఏడ్చారా టీచరుగారూ?" అని అడిగేవారట. శస్త్రచికిత్స చేయించుకోదలచి ముందుగా నా సలహా కోరింది. నేను అప్పటికి ఇరవై ఏళ్ళుగా ప్రభుత్వ ఆసుపత్రులలో శస్త్రవైద్యుడిని. ఆసుపత్రి గ్రంథాలయములోని పుస్తకము తిరగవేసి, "అది అదనపు క్రొవ్వు, తీసివేస్తే పోయేదేమీ లేదు" అని ధైర్యము చెప్పాను.

శస్త్రచికిత్స చక్కగా జరిగింది. పదేళ్ళపాటు చూసినవారంతా మెచ్చుకున్నారు. ఇప్పుడామెకు డెబ్బై ఒకటి. క్రింది రెప్పకు, చెంపకు నడుమ బొటనవ్రేలు ఆనేటంత గుంతలు పడ్డాయి. వాటిపై చర్మము, చల్లారిన పాలపై కట్టిన మీగడను వ్రేలితో నెట్టినట్లు ముడతలు తేలింది. ఇప్పుడు జనము "ఒంట్లో బాగోలేదా అమ్మా?" అని అడుగుతున్నారట.

"పోయేదేమీ లేదన్నావు కదా అన్నయ్యా!" అని నవ్వుతూనే అన్నది. ఆ నవ్వు నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. నేను చెప్పిన మాట నా కల్పన కాదు, పుస్తకములో ఉన్నదే. ఆ మాట పుస్తకాలలోకి ఎలా వచ్చిందో, ఎలా పోయిందో మీకు చెప్పదలచాను.

ముందుగా ఆ ప్రదేశపు నిర్మాణము కొంత తెలియాలి. కనుగ్రుడ్డు ఎముకల గూటిలో ఉంటుంది. ఆ గూటిలో గ్రుడ్డు చుట్టూ మెత్తని క్రొవ్వు, పింగాణీ సామానుకు చుట్టిన దూదివలె, పరుచుకొని ఉంటుంది. ఈ క్రొవ్వు ముందుకు జారకుండా రెప్పలో ఒక పలుచని పొర అడ్డుగా నిలుస్తుంది. దాని ముందు కన్ను మూయించే వర్తుల కండరము, ఆ పైన చర్మము. శరీరము మొత్తములో అతి పలుచని చర్మము ఇక్కడిదే. వయస్సుతో, లేక వంశలక్షణముగా, ఆ పొర బలహీనపడితే క్రొవ్వు ముందుకు పొంగుతుంది. మనము కంటి క్రింద సంచులు అనేవి ఇవే. పొట్ట క్రొవ్వు తిండిని బట్టి పెరిగి తరుగుతుంది. ఈ క్రొవ్వు అటువంటిది కాదు. ఒకసారి తీసివేస్తే మరల రాదు.

రెప్పలపై కత్తి పెట్టడము చాలా పాత విద్య. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రములో రెప్పల వ్యాధులు ఇరవై ఒకటి చెప్పబడ్డాయి. రెప్పవెండ్రుకలు లోనికి తిరిగి కంటిని గీరుతున్నప్పుడు రెప్పపై యవగింజ ఆకారములో చర్మము తీసి, వెండ్రుకతో కుట్టే పద్ధతి అందులో ఉన్నది. క్రీ.శ. మొదటి శతాబ్దములో రోము నగరపు సెల్సస్ కూడా వదులైన రెప్పచర్మమును కోసి కుట్టడము వర్ణించాడు. చర్మము మరీ ఎక్కువగా తీస్తే కన్ను మూతపడదని హెచ్చరించాడు కూడా. ఈ హెచ్చరికను మీరు గుర్తుంచుకోండి. తరువాతి రెండువేల ఏళ్ళ కథ దాని చుట్టూనే తిరుగుతుంది. నా ఉద్యోగపు తొలి సంవత్సరాలలో మేము చేసిన రెప్పల శస్త్రచికిత్సలూ ఆ కోవకు చెందినవే. ట్రకోమా వలన లోనికి ముడుచుకున్న రెప్పలు, కాలిన మచ్చలు లాగివేసిన రెప్పలు. అందము ప్రసక్తి అక్కడ లేదు, చూపు కాపాడడమే పని.

బ్లెఫరోప్లాస్టీ అనే పేరును 1818లో జర్మనీకి చెందిన కార్ల్ ఫెర్డినాండ్ ఫాన్ గ్రేఫె పెట్టాడు. ఆయనకూ ఆ మాట పాడైన రెప్పను తిరిగి నిర్మించడమే. ఉబ్బుకు కారణము చర్మము మాత్రమే కాదనీ, లోపలి క్రొవ్వు ముందుకు రావడమనీ 1844లో పారిస్ నేత్రవైద్యుడు సిషెల్ వివరించాడు. ఆ తరువాత అరవై ఏళ్ళకు గాని ఇది అందము కోసము చేసే పని కాలేదు. షికాగోలో చార్లెస్ మిల్లర్ 1907లో ముఖసౌందర్య శస్త్రచికిత్సలపై ఒక పుస్తకము ప్రచురించాడు. 1924లో ఫ్రాన్సులో బూర్గే, బయట మచ్చ పడకుండా, రెప్ప లోపలి ఎర్రని పొరను కోసి క్రొవ్వు తీసే దారి చూపాడు. అదే దేశములో సుజాన్ నోయెల్ అనే వైద్యురాలు 1926లో వ్రాసిన పుస్తకములో ఈ శస్త్రచికిత్సల సామాజిక ప్రయోజనము గురించి వాదించింది. వయస్సు ముఖముపై కనబడితే ఉద్యోగము దొరకని స్త్రీలను ఆమె చూసింది. దీనిని ధనవంతుల ముచ్చట అని తేలికగా కొట్టివేసేవారికి నేను ఆమె పేరు చెబుతుంటాను. మా చెల్లెలిదీ ముచ్చట కాదు. ప్రతి ఉదయము నలభైమంది పిల్లల ముందు నిలబడే మనిషి బాధ అది.

1951లో అమెరికాలో సాల్వడార్ కస్తనారెస్ రెప్పలలోని క్రొవ్వు విడివిడి అరలలో ఉంటుందని శవపరిశోధనలతో స్పష్టపరచాడు. ఎంత ఉపయోగకరమైన పని! క్రింది రెప్పలో మూడు అరలు, పై రెప్పలో రెండు అని మేమంతా వల్లించాము. అయితే ఏ అర ఎక్కడున్నదో తెలిసిన తరువాత ప్రతి అరనూ ఖాళీ చేయడము సులభమైపోయింది. కనుగ్రుడ్డుపై మెల్లగా నొక్కితే ముందుకు పొంగినంత క్రొవ్వును కోసివేయడము వాడుక అయింది. చర్మము తీయడములో జాగ్రత్త నేర్చిన చేతులు, క్రొవ్వు విషయములో సెల్సస్ హెచ్చరికను మరచిపోయాయి.

ఈ పొరపాటు అంతకాలము ఎందుకు బయటపడలేదు? నా దృష్టిలో కారణము ఒక్కటే. శస్త్రవైద్యుడు ఆరు నెలలకు, ఏడాదికి ఫోటో తీసి చూసుకుంటాడు. అప్పుడు రెప్ప నున్నగా, బల్లపరుపుగా ఉంటుంది. గుంత పడేది పదేళ్ళకు, ఇరవై ఏళ్ళకు. అప్పటికి రోగి కాగితాలు ఏ బీరువా అడుగుననో ఉంటాయి. వైద్యుడు పదవీ విరమణ చేసి ఉంటాడు. రోగి కూడా "వయస్సు మీరింది" అనుకొని ఊరుకుంటుంది. దోషము చేసినవాడి కంటపడని దోషము దిద్దుబాటు కాదు.

ఆ నడిమి ఏళ్ళలో ముఖములో జరిగేదేమిటో కూడా చూడండి. చెంప పైభాగములోని క్రొవ్వు తరుగుతుంది. కంటిగూటి ఎముక అంచు కొద్దికొద్దిగా వెనుకకు పోయి గూడు వెడల్పవుతుంది. చర్మములోని కొల్లాజెన్ తగ్గుతుంది, ఎండ ఆ పనిని వేగిరపరుస్తుంది. నలభై ఏళ్ళప్పుడు అదనమని కోసివేసిన క్రొవ్వు అరవై దాటాక అవసరమయ్యే నిలువ ధాన్యము వంటిదన్నమాట.

2007లో అమెరికాలోని వాల్ లాంబ్రోస్ ఒక సులువైన పని చేశాడు. రోగుల పాత ఫోటోలను తెప్పించి, చాలా ఏళ్ళ తరువాతి ఫోటోలతో ఒకదానిపై ఒకటి ఉంచి పోల్చాడు. ముఖమంతా క్రిందికి జారిపోతుందని అందరూ నమ్ముతున్న రోజులవి. ఆయన చూడగా రెప్పకు, చెంపకు మధ్య ఉన్న హద్దు, దాని చుట్టూ ఉన్న పుట్టుమచ్చలు పెద్దగా జారలేదు. జరిగినది జారడము కన్నా ఎక్కువగా తరగడము. పెద్ద యంత్రము లేకుండా, ఇళ్ళలోని ఆల్బములతో ఒక నమ్మకము కదిలిన ఉదంతము కనుక నాకు ఇది చాలా ఇష్టము.

ఇంతకు ముందే కొందరికి అనుమానము వచ్చింది. 1981లో బ్రెజిల్ వైద్యుడు లోబ్, ముందుకు పొంగిన క్రొవ్వును కోయకుండా ముక్కు ప్రక్కని గాడిలోకి జరిపే పద్ధతిని ప్రచురించాడు. 1995లో డాలస్ వైద్యుడు హామ్రా, ఆ క్రొవ్వును కంటిగూటి అంచుమీదుగా పరచి గుంతను కప్పడము వివరించాడు. ఉబ్బు, గుంత ప్రక్కప్రక్కనే ఉన్నప్పుడు మట్టిని ఊరవతల పారబోయక, మెరకను త్రవ్వి పల్లమును పూడ్చినట్లు. సంవత్సరాలు మరొకసారి చూడండి. నేను చెల్లెలికి సలహా చెప్పినది 1997లో. హామ్రా వ్యాసము వచ్చి రెండేళ్ళయింది, లోబ్ వ్యాసము వచ్చి పదహారేళ్ళు. మా ఆసుపత్రికి ఆ పత్రికలు రావు. నేను చూసిన పుస్తకము పాత ముద్రణ. "నాకు పూర్తిగా తెలియదు, తెలిసినవారిని అడిగి చెబుతాను" అనే మాట నా నోట రావలసింది, రాలేదు.

మరి గుంత పడిన తరువాత చేయగలిగేదేమిటి? పోయినదానిని పూరించడము, పలుచబడిన చర్మమును కొంత దిద్దడము. రెండింటికీ చరిత్ర ఉన్నది, రెండింటిలోనూ ప్రమాదాలు ఉన్నాయి.

1893లో జర్మనీకి చెందిన నోయిబర్, ముఖములో కంటి దగ్గర లోతుకుపోయిన మచ్చను రోగి చేతినుంచి తీసిన క్రొవ్వుతో పూరించాడు. చిన్న ముక్కలైతేనే నిలుస్తాయని ఆనాడే గమనించాడు. ఆ ఓపిక లేనివారు మరో దారి పట్టారు. 1899లో వియన్నాలో గెర్సునీ పారఫిన్ మైనమును చర్మము క్రింద ఎక్కించడము మొదలుపెట్టాడు. కొన్నేళ్ళలో దాని ఫలితాలు తెలిశాయి. మైనము గడ్డలు కట్టింది, చోటు మారింది, కొందరిలో రక్తనాళములోకి పోయి కంటిచూపునే పోగొట్టింది. నోయిబర్ దారిని ఇరవయ్యవ శతాబ్దము చివరిలో న్యూయార్క్ వైద్యుడు సిడ్నీ కోల్‌మన్ క్రమబద్ధము చేశాడు. పొట్టనుంచో తొడనుంచో సన్నని గొట్టముతో క్రొవ్వు తీసి, శుద్ధి చేసి, అతి చిన్న బొట్లుగా, లోతుగా ఎముకకు దగ్గరలో అమర్చే పద్ధతి ఆయనది. ఎక్కించినదానిలో కొంత కరిగిపోతుంది, కొంత నిలుస్తుంది. నిలిచినది చాలా ఏళ్ళు ఉంటుంది. అయితే పలుచని రెప్ప క్రింద చిన్న ఉండ కట్టినా పైకి కనబడుతుంది, తీయడము కష్టము. బరువు పెరిగితే అదీ ఉబ్బవచ్చు.

రెండవది హయలురోనిక్ ఆమ్లము. 1934లో న్యూయార్క్‌లో కార్ల్ మేయర్, జాన్ పామర్ దీనిని ఆవు కనుగ్రుడ్డులోని గాజువంటి ద్రవమునుంచి వేరుచేశారు. కంటిలో దొరికిన పదార్థము తొంభై ఏళ్ళకు కంటి క్రింద గుంతను పూరించడానికి వచ్చింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ముడతలకు ఇటువంటి జెల్‌ను 2003లోనే అనుమతించినా, ప్రత్యేకించి కంటి క్రింది గుంతలకు ఒకదానిని అనుమతించినది 2022లో. ఆ ఆలస్యమే ఆ ప్రదేశము ఎంత సున్నితమో చెబుతుంది. పలుచని చర్మము క్రింద పైపైన పెడితే నీలిరంగు కనబడుతుంది, నీరు పట్టి ఉబ్బుతుంది. దీని మేలు ఏమిటంటే, నచ్చకపోతే హయలురోనిడేస్ అనే ఎంజైముతో కరిగించవచ్చు. కాని అరుదుగానైనా రక్తనాళములోకి పోతే చూపు పోతుంది, పారఫిన్ నాటి ప్రమాదమే. సౌందర్యశాలలలో, వైద్యులు కానివారి చేత ఈ సూదిమందు పొడిపించుకోకండి. ఎంత బ్రతిమాలి చెప్పినా నాకు తృప్తి కలుగని మాట ఇది.

చర్మపు ముడతలకు పూరణ ఒక్కటే చాలదు. 1980ల చివర ఆల్బర్ట్ క్లిగ్‌మన్ ప్రచారములోకి తెచ్చిన ట్రెటినాయిన్ లేపనము నెలలపాటు వాడితే కొంత మెరుగు. రెప్పల దగ్గర మంట పుడుతుంది కనుక వైద్యుని సలహాపై కొంచెముగా వాడాలి, గర్భిణులు వాడరాదు. కార్బన్ డయాక్సైడ్ లేసర్ కొత్త కొల్లాజెన్‌ను పుట్టిస్తుంది. ఆ లేసర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కనిపెట్టినది మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. మన చామనచాయ చర్మానికి దానితో నల్లమచ్చలు పడే అవకాశము ఎక్కువ. పైగా ఒకసారి కోతపడిన క్రింది రెప్పకు చర్మము మరింత బిగిస్తే రెప్ప క్రిందికి లాగుకొని, బయటికి తిరుగుతుంది. రెండవసారి చర్మము కోయడములోనూ ఇదే భయము.

అన్ని గుంతలూ శస్త్రచికిత్స వలన కావు. గ్లాకోమాకు వాడే బైమటోప్రాస్ట్, లటానోప్రాస్ట్ వంటి చుక్కలు కంటి చుట్టూ క్రొవ్వును తగ్గించగలవు. ఆ చుక్కలు మీరుగా మానకండి, చూపు పోతుంది. కంటివైద్యునికి చెప్పండి. ఒక్క కన్నే లోతుకు పోతుంటే అందము సంగతి ప్రక్కనబెట్టి వెంటనే చూపించుకోండి.

గత నెలలో మా చెల్లెలిని ఒక యువ వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాను. ఆయన ముందుగా కన్నీటి పరీక్ష చేశాడు. పాత కోత ఉన్న కన్ను ఎండిపోతే మరో చికిత్స దానిని ఇంకా బాధిస్తుంది. చిటికెనవ్రేలితో క్రింది రెప్పను లాగి వదిలి, ఎంత వేగముగా తిరిగి అంటుకుంటుందో చూశాడు. గుండె కోసము వేసుకునే మందులు అడిగాడు. ఆ తరువాత పడుచునాటి ఫోటో తెమ్మన్నాడు. ఆమె సంచిలోంచి 1974 నాటి పెళ్ళి ఫోటో తీసింది. ఇరవై ఏళ్ళ పెళ్ళికూతురి కళ్ళ క్రింద, అచ్చము మా అమ్మకున్నట్లే, కొద్దిపాటి ఉబ్బు అప్పటికే ఉన్నది. మేమెవరమూ అంతకుముందు దానిని గమనించలేదు.

"ఇది కూడా తెచ్చిపెడతారా బాబూ?" అని అడిగింది. "అంత వద్దమ్మా, కొద్దిగా క్రొవ్వు పెడదాము. అదీ మీకు కావాలనుకుంటేనే" అన్నాడాయన. సంక్రాంతి వెళ్ళాక చూద్దామని చెప్పి వచ్చేసింది.

నన్ను ఈసారి సలహా అడగలేదు. ప్రక్క కుర్చీలో కూర్చొని అంతా విన్నాను.