క్లారా షూమన్ స్వరరచన – గృహజీవన పరిస్థితులు

కాల్పనిక యుగపు ఐరోపా స్వరకర్తల జీవితచరిత్రల్లో ప్రేమకు, వియోగానికి, ఉన్మాదానికి దక్కిన ప్రాధాన్యం ఇంటి ఖర్చుకు, పిల్లల పోషణకు, పియానో ఉన్న గదికి దక్కలేదు. క్లారా షూమన్ (1819–1896) విషయంలో ఈ లోపం స్పష్టంగా కనిపిస్తుంది. 1856 తరువాత ఆమె స్వరరచనను దాదాపుగా మానివేయడానికి భర్తృవియోగం, తన ప్రతిభపై తనకే ఉన్న అపనమ్మకం కారణాలని చెప్పడం పరిపాటి. ఈ రెండూ అసత్యాలు కావు. కాని ఆమె రచనల కాలక్రమాన్ని ఇంటి పరిస్థితులతో కలిపి పరిశీలిస్తే ఆ వివరణ చాలదని తేలుతుంది.

తండ్రి ఫ్రీడ్రిష్ వీక్ లైప్‌జిగ్‌లో పేరున్న పియానో గురువు. కచేరీ చేసే పియానో వాదకులు సొంత రచనలను వినిపించడం ఆనాటి ఆనవాయితీ కనుక స్వరరచన కూడా క్లారా శిక్షణలో భాగమైంది. 1835లో, 16 ఏళ్ళ వయసులో, ఆమె తన ఎ మైనర్ పియానో కాన్చెర్తోను గెవాండ్‌హౌస్ సభలో ఫేలిక్స్ మెండెల్సన్ నిర్వహణలో వాయించింది. ఫేలిక్స్ అక్క ఫానీ పరిస్థితి వేరు. సంగీతం ఆమెకు అలంకారంగానే ఉండాలని 1820లోనే తండ్రి లేఖ రాశాడు. సంపన్న కుటుంబపు స్త్రీ రుసుము తీసుకొని వేదిక ఎక్కడం ఆ వర్గానికి సమ్మతం కాదు. ఫానీ తన తొలి కృతిసంపుటిని 1846లో, అంటే మరణానికి ఏడాది ముందు మాత్రమే, వెలువరించగలిగింది. వీక్ ఇంట్లో ఆ సంకోచానికి తావులేదు. అక్కడ సంగీతమే జీవనోపాధి.

వీక్ వ్యతిరేకతను న్యాయస్థానంలో ఎదుర్కొని క్లారా 1840 సెప్టెంబరు 12న రాబర్ట్ షూమన్‌ను వివాహమాడింది. చేతికి కలిగిన వైకల్యం వల్ల రాబర్ట్ అప్పటికే వాదకుడు కావాలన్న ఆశ వదులుకున్నాడు. అతని రచనకు నిశ్శబ్దం కావాలి. ఆమె వృత్తికి గంటల తరబడి సాధన కావాలి. అతడు రాస్తున్నంతసేపు ఆమె పియానో మూగబోవలసి వచ్చేది. దంపతులిద్దరూ కలిసి రాసుకున్న దినచర్య గ్రంథంలో పెళ్ళైన కొద్దికాలానికే ఈ బాధ నమోదైంది. పిల్లల పెంపకం వల్ల ఆమె స్వరభావనలు ఎన్నో నష్టపోతున్నాయని రాబర్ట్ కూడా అందులోనే విచారించాడు. ఇంటి ఏర్పాటు మాత్రం ఏళ్ళతరబడి మారలేదు.

1852లో డ్యూసెల్‌డార్ఫ్‌లో కుటుంబం మారిన కొత్త ఇంట్లో, రాబర్ట్‌కు వినిపించకుండా వాయించుకోగల గది ఆమెకు లభించింది. 1853 వేసవిలో రాబర్ట్ ఇతివృత్తంపై వైవిధ్యరచనలు (కృతిసంఖ్య 20), వయొలిన్–పియానో రొమాన్సులు (22), ఆరు పాటలు (23) పూర్తయ్యాయి. జి మైనర్ పియానో ట్రయో రాసిన 1846 తరువాత ఇంతటి ఫలవంతమైన కాలం ఆమెకు లేదు. స్త్రీకి స్వరరచన తగదేమోనన్న సందేహాన్ని ఆమె దినచర్యలో రాసుకున్నది 1839లో, వివాహానికి ముందే. ఆ సందేహం తరువాతి ట్రయోను గాని, 1853 నాటి కృతులను గాని ఆపలేదు. కాబట్టి తరువాతి మౌనానికి దానినొక్కదానినే బాధ్యురాలిని చేయడం సబబు కాదు.

1854 ఫిబ్రవరిలో రాబర్ట్ రైన్ నదిలో దూకాడు. ప్రాణం దక్కింది కాని, మార్చిలో అతణ్ణి బాన్ సమీపంలోని ఎండెనిష్ చికిత్సాలయంలో చేర్చారు. అక్కడే 1856 జూలై 29న మరణించాడు. 1854 జూన్‌లో కడపటి బిడ్డ పుట్టడంతో ఏడుగురు పిల్లల భారం క్లారాపై పడింది. ఆ శరదృతువులోనే ఆమె కచేరీ యాత్రలు తిరిగి ప్రారంభించింది. 1856 వసంతంలో, భర్త ఇంకా చికిత్సాలయంలో ఉండగానే, ఇంగ్లండు వెళ్ళింది. దుఃఖం ఆమె వాదనాన్ని ఆపలేదన్నది ఇక్కడ గమనార్హం. కచేరీకి రుసుము వెంటనే చేతికొస్తుంది. కొత్త కృతి వల్ల వచ్చే రాబడితో ఏడుగురిని పోషించడం సాధ్యం కాదు. పైగా ఊరూరా తిరిగే వాదకురాలికి 1853 నాటి గది మళ్ళీ దొరకలేదు.

ఆ తరువాత మిత్రుల వివాహ స్వర్ణోత్సవానికి 1879లో ఆమె ఒక మార్చ్ రాసింది. అప్పటికి ఫ్రాంక్‌ఫర్ట్ సంగీత విద్యాలయంలో అధ్యాపకురాలు. 1881 నుంచి బ్రైట్‌కాఫ్ ఉంట్ హెర్టెల్ సంస్థ ప్రచురించిన రాబర్ట్ సమగ్ర రచనలకు పరిష్కర్తగా ఆమె పేరే ఉంది.