మేకలు లేని పులి ఆట

ఆన్‌లైన్ ఆటలు ఎవరి కోసం తయారు చేయాలి? రాత్రంతా మేలుకొని ఆడేవాడికా, అన్నం తిని పది నిమిషాలు ఆడి పడుకునేవాడికా? ఈ పంచాయితీ కొత్తదేం కాదు. 1997లో అమెరికాలో వచ్చిన ‘అల్టిమా ఆన్‌లైన్’ నాటికే ఉంది. వేలమంది ఒకే ఊహాలోకంలో తిరిగే ఆట అది. ఊరి పొలిమేర దాటితే ఎవరు ఎవర్నయినా చంపొచ్చు, సొమ్ము దోచుకోవచ్చు. ఆరితేరినవాళ్లు దారి కాచి కొత్తవాళ్లను నరికేవాళ్లు. పగలంతా ఉద్యోగం చేసొచ్చి, గంటసేపు గని తవ్వుకుందామనుకున్నవాడు ఉత్త చేతుల్తో మిగిలేవాడు.

2000లో కంపెనీ ఆ లోకాన్ని రెండు చేసింది. ఫెలుక్కాలో పాత పద్ధతే. ట్రామెల్‌లో మాత్రం ఎదుటివాడు ఒప్పుకోకుండా వాడి మీద చెయ్యెత్తడానికి లేదు. జనం చాలామంది ట్రామెల్‌కే వలసపోయారు. ఆ రోజుతో ఆట చచ్చిపోయిందని పాత వీరులు ఇప్పటికీ వాపోతుంటారు. నాకైతే మన పులి-మేక ఆట గుర్తొస్తుంది. మేకలన్నీ లేచిపోయాక పులి ఎవరితో ఆడాలి?

మా నకిరేకల్‌కి ఈ పంచాయితీ ఫోన్‌లో వచ్చింది. 2016లో జియోతో డేటా చవకైంది, 2018లో పబ్‌జీ మొబైల్ దిగింది. హైవే పక్క చాయ్ బండ్ల దగ్గర నలుగురేసి తలలు వంచుకుని కూర్చొని, “ఎనక నుంచొస్తుండు, కొట్టరా!” అని అరవడం అప్పట్లో మామూలు. వంద మంది దిగే ఆట, ఒక్కోటి అరగంట దాకా సాగేది. తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్ అయితే, సరిగ్గా శత్రువు ఎదురైనప్పుడే ఆగిపోయేది.

క్యాజువల్, హార్డ్‌కోర్ అనే మాటలు ఇక్కడే తలకిందులవుతాయి. ఆట మీద ప్రాణం పెట్టుకున్న పిల్లగాడు, చేతిలో చవక ఫోన్ ఉన్నందుకు ‘తేలిక’ ఆటల లెక్కలో పడ్డాడు. వాడి కోసమే అన్నట్టు 2019లో పబ్‌జీ మొబైల్ లైట్ వచ్చింది: చిన్న మ్యాపు, అరవై మంది. ఫ్రీ ఫైర్ అప్పటికే ఉంది: యాభై మంది, పది నిమిషాలు. పబ్‌జీ వాళ్లు దాన్ని పిల్లలాట అని ఎగతాళి చేసేవాళ్లు. ఆ ఎగతాళిలో ఫోన్ ఖరీదే ఎక్కువ వినబడేది నాకు.

తీరిక లేనివాడికి, చవక ఫోన్ వాడికి ఆటలో చోటివ్వాలన్నదే నా పక్షం. కానీ కంపెనీలు ఆ చోటిచ్చే తీరు నాకు నచ్చదు. పబ్‌జీ తొలి మెట్లలో ఎదురయ్యేవాళ్లలో చాలామంది మనుషులు కారు, బాట్‌లు. కొత్తవాడు ‘చికెన్ డిన్నర్’ కొట్టానని గంతులేస్తాడు; చచ్చింది కంప్యూటర్ బొమ్మలు. ఫ్రీ ఫైర్‌లో డైమండ్లు పెట్టి తెచ్చుకున్న తుపాకీ స్కిన్ రంగు ఒక్కటే మార్చదు, దెబ్బ బలాన్నీ పెంచుతుంది. దీన్ని చేయూత అనలేం, బేరం అనాలి.

2020 సెప్టెంబర్ 2న కేంద్రం పబ్‌జీ మొబైల్‌ని, లైట్‌ని కలిపే నిషేధించింది. 2021 జులైలో పెద్దది బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. దానితోపాటు లైట్ రాలేదు. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ వంతు. అప్పుడు కూడా ప్లే స్టోర్‌లో మిగిలింది, బొమ్మలు ఇంకా నాణ్యంగా ఉండి ఇంకాస్త మంచి ఫోన్ అడిగే ఫ్రీ ఫైర్ మ్యాక్స్.