వాకిటి తీగగులాబి పూర్వకథ

గుమ్మము ప్రక్క పందిరి వేసి సన్నజాజిని, విరజాజిని ప్రాకించుట మన పెద్దల కాలమునుండి వచ్చుచున్న వాడుక. ఇప్పుడు వాకిండ్లు చాలవఱకు సిమెంటుతో కప్పబడినవి. మన్ను లేదు గనుక తొట్టి తెచ్చి, అందు తీగగులాబిని పెంచవలెనని పలువురు కోరుచున్నారు. నేనును కోరితిని. పసుపుపచ్చని పూవుల తీగయని చెప్పి యమ్మిన యొక మొక్కను కొని తెచ్చి గుమ్మమున కెడమవైపున నుంచితిని. రెండేండ్లలో అది చూరు నందుకొన్నది. పూవు మాత్రము పూయలేదు. పరికించి చూడగా, అంటుకట్టిన కొమ్మ యెప్పుడో చచ్చి, దాని క్రింది వేరుమొక్క పెరిగియుండెను. ఆ చింతతోనే ఈ జాతి పూర్వోత్తరములను చదువ నారంభించితిని.

నిజమునకు గులాబి తీగ కాదు. కాకరకున్నట్లు దానికి నులితీగలు లేవు, జాజివలె చుట్టుకొనదు. పొడుగాటి కొమ్మలను ముండ్లతో ప్రక్కచెట్లకు తగిలించుకొని పైకి పోవును. మన గుమ్మము చెంత దానికి చెట్టు లేదు గనుక ఆ పని మనమే త్రాటితో చేయవలయును.

ఐరోపాఖండమున ప్రాకుడు గులాబులు పూర్వమునుండియు కలవు గాని, వానిలో చాలభాగము ఏటికొకమారు పూచి యూరకుండునవి. మరల మరల పూచు గుణము చీనా తోటల గులాబులది. ఇవి 18వ శతాబ్దాంతమున ఓడలమీద ఇంగ్లండు చేరినవి. కొన్ని కలకత్తా తోటమీదుగా పోయినందున ఫ్రెంచివారు వీనిని బెంగాలు గులాబులనిరి. ఊరు చీనా, పేరు బెంగాలు!

19వ శతాబ్దారంభమున అమెరికాలోని చార్లెస్టను నగరము చెంత, చాంప్నీ యను వరిపొలముల యజమాని తోటలో, కస్తూరిగులాబికిని చీనా గులాబికిని కలిసి యొక మొక్క పుట్టెను. ఆ నగరముననే యున్న నాయిజెట్ అను ఫ్రెంచి తోటకాడు దానినుండి మొక్కలు పెంచి, పారిసులోని తన సోదరునకు పంపెను. ప్రాకుచు, మాటిమాటికి పూచు వంశ మొకటి యిట్లేర్పడినది. 1864లో ఫ్రాన్సున వెలువడిన "మార్షల్ నీల్" అను పసుపుపచ్చ గులాబి ఈ వంశములోనిదే. ఇంగ్లండు చలిలో దాని నద్దపుటిండ్లలో కాపాడవలసివచ్చెను. వేడిదేశములలో అది బయటనే ప్రాకెను. దాని పూవు తలవంచి క్రిందికి చూచును. గుమ్మముపై ప్రాకు మొక్క కింతకంటె తగిన గుణమేమి?

ఇంతవఱకు కథ దొరలది. ఇక మన కొండలది. 1882లో జార్జి వాట్ అను శాస్త్రజ్ఞుడు మణిపురపు కొండలలో ఒక మహాగులాబిని చూచెను. 1888లో హెన్రీ కాలెట్ అను సేనాని బర్మాలోని షాన్ కొండలలో దానినే కనుగొనెను. అఱచేయంత వెన్నవన్నె పూవులు. ఏబదడుగుల చెట్టునైనను ఎక్కిపోవు బలము. దానికి "జిగాంటియా" యని పేరిడిరి. పోర్చుగలులోను, ఆస్ట్రేలియాలోను తోటల నిపుణులు దీనిని కలిపి క్రొత్త జాతులు చేసికొనిరి. ఆస్ట్రేలియాలో 1924లో వెలువడిన "లొరేన్ లీ" అట్టిది. మన కొండపిల్ల పరదేశమున కోడలై వెలుగుచుండ, పుట్టింటివారికి దాని యూసే లేకపోయెను! ఇది నన్ను నొప్పించిన విషయము.

ఈ లోపమును గుర్తించి పాటుపడినవారిలో ఎం. యస్. వీరరాఘవన్ గారు ముఖ్యులు. ఆయన ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఏ.యస్. అధికారిగా నుండి, కొలువు విడిచి, భార్య గిరిజగారితో కొడైకెనాలు చేరి గులాబుల పెంపకమునకు పూనుకొనిరి. గులాబులు శీతదేశముల కొఱకే చేయబడుచున్నవి, వేడిదేశములకు తగినవి వేఱుగా కావలెనని ఆయన వాదము. జిగాంటియాను కలిపి ఆయన చేసిన తీగగులాబులలో ఒకదాని పేరు "గోల్డెన్ థ్రెషోల్డ్", అనగా బంగారు గడప. అది సరోజినీ నాయుడుగారి 1905 నాటి కవితాసంపుటి పేరు. హైదరాబాదు నాంపల్లిలో ఆమె యింటి పేరును అదే. ఆ యింటనే 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయ మారంభమైనది. గడప పేరుగల గులాబి యొకటి మనకున్నదని విని నేను మురిసితిని.

మురిసినంతమాత్రమున దానిని తొట్టిలో నాటుదునా? నాటను. కొండచెట్ల నెక్కు రక్తము గల మొక్కకు నేల కావలెను. తొట్టికి ఆఱెనిమి దడుగులకు మించని మందగమనపు తీగ మేలు. ముండ్లు తక్కువగా నున్న మఱియు మంచిది. గుమ్మమున పిల్లలు, చీరకొంగులు పోవుచుండును. అమెరికాలో 1956లో వెలువడిన "గోల్డెన్ షవర్సు" అట్టిది. పొదగులాబినుండి దైవికముగా తీగయైన జాతులును అమ్మకమున కలవు. వానిని మొదటనే కురచగా కత్తిరించినచో మరల పొద యగు భయమున్నది.

తొట్టి లోతును వెడల్పును 18 అంగుళములకు తగ్గరాదు. అడుగున నీరుపోవు బెజ్జముండవలెను. ఎఱ్ఱమన్ను, మాగిన పశువులయెరువు, కొంత యిసుక చాలును. ఉదయపుటెండ ప్రాణము, వేసవిలో పడమటియెండ తొట్టిని కాల్చి వేళ్లను ఉడికించును. కొమ్మను నిలువుగా పోనిచ్చిన కొననే పూయును. ప్రక్కకు వంచి కట్టిన కణుపు కణుపునను చివురు వేసి పూయును.

ఇప్పుడు నా రెండవ మొక్క అంటుముడి మట్టికి పైననే యున్నది. దాని క్రిందినుండి మొలక పుట్టినయెడల కత్తెర వేయక, మొదలంట పెఱికివేయుచున్నాను.