గుండె వాకిట సన్నని గొట్టము

సజీవుడైన మనుష్యుని గుండెలోనికి ఏ వస్తువును చొప్పించినను ప్రాణహాని తప్పదని వైద్యులు పూర్వము తలచుచుండిరి. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డె పట్టణమున వెర్నర్ ఫోర్స్‌మన్ అను యువవైద్యుడు ఆ భయమును తొలగింపబూనెను. పై అధికారి అనుమతింపలేదు. శస్త్రపరికరములు గెర్డా డిట్సెన్ అను నర్సు అధీనమున నుండెను. ప్రయోగము తనపైననే జరుపుమని ఆమె కోరెను. ఆయన సమ్మతించినట్లు నటించి, ఆమెను బల్లకు కట్టి, తన మోచేతి సిరనే తెరచి, మూత్రవైద్యమునకు వాడు సన్నని గొట్టమును లోనికి నెట్టెను. పిదప ఎక్స్‌రే గదికి నడచిపోయెను. 65 సెంటీమీటర్ల మేర లోనికేగిన గొట్టపు కొన గుండె కుడి కర్ణికలో నున్నట్లు ఛాయాచిత్రము చూపెను.

తోడివైద్యులు ఆయనను ఆదరింపరైరి. కాని న్యూయార్కులో కూర్నాండ్, రిచర్డ్స్ అను పండితులు ఆ మార్గమునే అనుసరించిరి. 1956లో మువ్వురకును నోబెల్ బహుమానము లభించెను.

తరువాతి కథ వేగముగా సాగినది. 1952లో ఫ్రెంచి వైద్యుడు ఓబానియాక్ మెడయెముక క్రింది సిరద్వారా మార్గము చూపెను. 1953లో స్వీడన్ దేశీయుడు సెల్డింగర్ సన్నని తీగ ఆధారముగా గొట్టమును నడుపు పద్ధతిని ప్రకటించెను. 1960ల చివర డడ్రిక్, నోట ఆహారము తీసికొనలేని రోగులకు సిరద్వారా పోషణ నందించెను. 1980లలో చర్మము క్రింద అమర్చు చిన్న డబ్బీ క్యాన్సరు రోగులకు వరమయ్యెను.

అయితే ఈ మార్గమున ఔషధముతోపాటు ఆపదయు ప్రవేశింపగలదు. సూది తప్పినచో ఊపిరితిత్తి చుట్టును గాలి చేరును. గొట్టము చుట్టును రక్తము గడ్డకట్టవచ్చును. మెడయెముకకును మొదటి ప్రక్కటెముకకును నడుమ నలిగి గొట్టము తెగుటయు కలదు. సూక్ష్మక్రిములు నేరుగా రక్తమున చేరుట మరియు భయంకరము.

దీనికి విరుగుడు క్రొత్త యంత్రము కాదు. 2001లో బాల్టిమోరులోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో ప్రోనోవోస్ట్ అను వైద్యుడు అయిదు నియమములు వ్రాసెను. చేతులు కడుగుకొనుట, క్రిమినాశినితో చర్మమును శుభ్రపరచుట, రోగిని నిండుగా శుద్ధవస్త్రములతో కప్పుట, తొడమొదటి సిరను వీలైనంత వరకు విడచుట, అక్కర తీరిన గొట్టమును తీసివేయుట. నియమము తప్పిన వైద్యుని నిలుపు అధికారమును నర్సుల కిచ్చిరి. మిషిగన్ రాష్ట్రమున నూరు చికిత్సావిభాగములకు పైగా దీనిని పాటింపగా, 18 నెలలలో ఈ రక్తదోషములు సుమారు మూడింట రెండు వంతులు తగ్గినవని 2006లో వెల్లడియయ్యెను. 1929లో బల్లకు కట్టబడిన నర్సుకు లేని అధికారము ఇప్పుడు రోగికి రక్షణ యయ్యెను.

శ్రోతలకు మేము మనవి చేయునది ఇంతే. మీ యింటివారికి ఇట్టి గొట్టము అమర్చినచో, చలిజ్వరము, చేయి వాపు, గొట్టము చోట ఎఱుపు కనిపించిన వెంటనే తెలుపుడు. “ఈ గొట్టము నేడును అవసరమా?” యని వినయముగా ప్రతిదినము అడుగుడు. ఆ ప్రశ్న వైద్యుని శంకించుట కాదు. ఆయన పాటింపవలసిన అయిదవ నియమమును జ్ఞాపకము చేయుటయే.