ఇంకు (క్రియ)

ఇంకు తెలుగు భాషలో ఒక అకర్మక క్రియ. ద్రవము మరొక పదార్థపు సందులలోనికి మెల్లగా దిగి, పైకి కనబడకుండా పోవుటను ఇది తెలుపుతుంది. వాన నీరు నేలలో ఇంకుతుంది, నూనె కుదుళ్ళలో ఇంకుతుంది. దీనికి ప్రేరణార్థకము ఇంకించు, నామరూపము ఇంకుడు. కన్నడములోని ఇంగు దీనికి సోదర పదము. సిరా అనే అర్థములో వాడే ఇంకు ఆంగ్లము నుండి వచ్చిన వేరొక మాట. అద్దుడు కాగితము మీద ఇంకు ఇంకినప్పుడు మాత్రము రెండింటికీ పొత్తు కుదురుతుంది!

అర్థభేదము

"నీరు ఇంకింది" అంటే నేలకు లాభము. "చెరువు ఇంకింది" అంటే ఊరికి నష్టము. రెండవ వాక్యములో నీటికి బదులు దానిని పట్టియుంచిన చెరువు కర్తగా వచ్చి, ఎండిపోవుట అనే అర్థము ఏర్పడినది. "కన్నీళ్ళు ఇంకిపోయాయి" అన్న వాడుక కూడా ఇట్టిదే. ఈ రెండవ అర్థములో నీరు భూమిలోనికి దిగినదా, ఆవిరైనదా అన్న వివక్ష ఉండదు. కనుక విజ్ఞానశాస్త్రము వ్రాసేటప్పుడు ఆవిరగుటను ఇంకుట అని వ్రాయరాదు. విద్యార్థులు దీనిని ముఖ్యముగా గమనించాలి.

పోలిన క్రియలు

నాను అనే క్రియకు ద్రవము కర్త కాదు, తడిసిన వస్తువే కర్త: బియ్యము నానతాయి, నీరు నానదు. ఇగురు అన్నది ఎక్కువగా పొయ్యి మీద కూరలోని నీరు తగ్గుటకు వాడతారు. ఊరు దాదాపు ఇంకుకు ఎదురు క్రియ. ఇంకిన నీరే దిగువన చెలమలో, బావిలో ఊరుతుంది.

ఇంకుడు గుంత

వాన నీటిని భూమిలోనికి పంపుటకు తవ్వే గుంత. కన్నడములో దీనిని ఇంగుగుండి అంటారు. 2000లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చేపట్టిన నీరు-మీరు కార్యక్రమముతో ఈ మాట పట్టణాలలోనూ ఇంటింటికీ తెలిసినది. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము వచ్చినది. ఇసుక నేలలో నీరు త్వరగా ఇంకుతుంది. నల్లరేగడి తడిసి ఉబ్బిన తరువాత చాలా నెమ్మదిగా ఇంకుతుంది కనుక అక్కడ గుంతలో రాళ్ళు, కంకర, ఇసుక నింపినంత మాత్రాన సరిపోదు, అడుగు మట్టిని కూడా చూసుకోవాలి.

ఇదే పనికై పొలాల ఎగువన కట్టే చిన్న చెరువును మాత్రము ఊట కుంట అంటారు. అక్కడ నీరు ఇంకుటను బట్టి కాక, దిగువ బావులలో ఊరుటను బట్టి పేరు వచ్చినది.